మడిచీర పోగు

బుధవారం వస్తే మాధవీలతకు రెండు తలస్నానాలు. పొద్దుటి తడే ఆరి ఉండదు. సాయంత్రం నల్లపాడు మురుగుకాలవ నీళ్ళు సీసాలకు పట్టి, కాలేజీ ల్యాబులో పెట్టి ఇంటికొచ్చేసరికి పెరట్లో పసుపునీళ్ళ బకెట్టు సిద్ధం. "ఆగక్కడ! తలమీంచి పోసుకుని రా" అంటుంది అత్తగారు శ్యామలాంబ. పూజారి గారిల్లు కదా, కాలవ మైల లోపలికి రాకూడదు. ఆ కాలవ తెచ్చే జీతానికి మాత్రం ఏ మైలా లేదు.

"మురుగు కెలకడానికి ఎమ్మెస్సీ దేనికే?" అని భోజనాల దగ్గర నవ్వుతాడు మొగుడు రామకాంత్. ఇళ్ళలో ఉతికిన బట్టల్లోంచి కంటికానని ప్లాస్టిక్ పోగులు ఊడి, కాలవల్లో పడి, మిరప చేలదాకా పోతున్నాయనీ, రెండేళ్ళుగా తను చూస్తున్నది వాటినేననీ చెప్పబోతే, "మజ్జిగ పొయ్యి" అంటాడు. పోస్తుంది.

ఈ మంగళవారం నెత్తిన పిడుగు పడింది. పోల్చి చూడ్డానికి ప్రతిసారీ ఒక సీసాలో శుద్ధమైన నీళ్ళు పోసి పరీక్షిస్తారు. అందులో ఏమీ ఉండకూడదు. మైక్రోస్కోపు కింద అందులోనూ ఎర్రపోగులే! "సీసాలు ఎక్కడ కడుగుతున్నావమ్మా? మూడు నెలల పని పారెయ్యాల్సిందేనా?" అన్నాడు పెద్దసారు. ల్యాబులో నీళ్ళు రాక, ఆ మూడు నెలలూ ఇంట్లోనే కడిగింది.

ఇంటికొచ్చి చూస్తే, ఆరబెట్టిన సీసాల్లోకి వేళ్ళు దూర్చి మరీ తుడుస్తోంది శ్యామలాంబ, ఎర్రటి మడిచీర కొంగుతో. "ఊరి మురుగంతా పట్టిన సీసాలాయె. మడిగుడ్డతో తుడిస్తేగాని ఇంట్లో ఉంచబుద్ధి కాదు" అంది.

"అసలైన పట్టమ్మా" అంటూ నాలుగేళ్ళ కిందట రామకాంత్ తెచ్చిన చీర అది. రోజూ ఉతికేది మాధవీలతే. ఆ సాయంత్రం అది ఉతుకుడుకి పడగానే ఓ పోగు లాగి పొయ్యిమీద కాల్చింది. పట్టయితే వెంట్రుక కాలిన వాసనేసి బూడిదవ్వాలి. ఇది కరిగి, గట్టి నల్లపూసయింది.

ఆ పూస చూపిస్తే రామకాంత్ ఆశ్చర్యపోలేదు. "అమ్మకి చెప్పకు, తట్టుకోలేదు. సీసాలు నువ్వే సరిగ్గా కడగలేదని చెప్పెయ్. కాంట్రాక్టు ఉద్యోగమేగా, పోతే పోనీ."

"తప్పు నాదే." పప్పులో ఉప్పెక్కువైనా, పాలు పొంగిపోయినా, ఆయనకి బస్సు తప్పినా ఆ మాట అని అని మాధవీలత నోటికి అలవాటైపోయింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు. అలిసిపోయింది, అంతే.

మర్నాడు ల్యాబు పుస్తకంలో రాసింది: "ఎర్రపోగులు మా ఇంటి మడిచీరవి. పాలిస్టర్. సీసాలు ఆ కొంగుతో తుడిచారు." పక్కనే ఓ పోగు అంటించింది. సారు దాన్నీ, సీసాలో దొరికిన పోగుల్నీ మైక్రోస్కోపులో పోల్చి చూసి, "సరే, ఇవి తీసేసి మళ్ళీ లెక్కపెట్టు" అన్నాడు.

సాయంత్రం మళ్ళీ బకెట్టు. మళ్ళీ "ఆగక్కడ!"

మాధవీలత ఆగింది. కొంగుముడి విప్పి నల్లపూస తీసి అత్తగారి అరచేతిలో పెట్టింది.

"ఇదేంటే?"

"మీ పట్టుచీర పోగు, అత్తయ్యగారూ. కాలిస్తే ఇలా అయింది. ప్లాస్టిక్కండి అది."

శ్యామలాంబ దాన్ని వేళ్ళమధ్య నలిపింది. నలగలేదు. "వాడికి తెలుసా?" అంది.

"తెలుసండి."

మాధవీలత బకెట్టు పక్కనుంచి నడిచి, పొడితలతో వంటింట్లోకి వెళ్ళింది. శ్యామలాంబ ఆగమనలేదు.