కంఠతా వచ్చిన ఐదో వరుస

ఆ రోజు పొద్దున్న గొడవ బల్బు దగ్గర మొదలైంది.

"ఇదేం గుడ్డి బల్బు? పళ్ళెంలో ఏముందో కనపడి చావడం లేదు," అన్నారు మా ఆయన, కుర్చీని కిటికీ వైపు లాక్కుంటూ.

"మొన్న మీరే తెచ్చి తగిలించారు. దాని ముందుది కూడా మీరు తెచ్చిందే. ఈ నెలలో ఇది మూడోది," అన్నాను.

"అయితే కొట్టువాడు మోసం చేశాడు."

"మూడు కొట్లవాళ్ళూ కూడబలుక్కున్నారేమో."

ఆయన నవ్వలేదు. నేనూ పంతానికి పోయి, స్టూలెక్కి, పాత బల్బు పెట్టి చూపించాను. తేడా ఏమీ లేదు. "ఉంది," అన్నారాయన. "లేదు," అన్నాను. మా అమ్మాయి తల ఎత్తకుండా, "రెండూ ఒకటే నాన్నా," అంది. ఆయన తినడం సగంలో ఆపి లేచిపోయారు.

ఆయన బడి బస్సు నడుపుతారు, పదిహేనేళ్ళుగా. షుగరు వచ్చి తొమ్మిదేళ్ళయింది. షుగరున్నవాళ్ళు ఏటా కంట్లో చుక్కలు వేయించుకుని లోపలి భాగం చూపించుకోవాలి. చుక్కలు పడ్డాక నాలుగైదు గంటలు చూపు మసగ్గా ఉంటుంది కాబట్టి వెంట ఒకరు వెళ్ళాలి. ఏటా మా మరిది వెళ్ళేవాడు. మేడమీద గదిలో ఉంటాడు, అచ్చాఫీసులో పని. తిరిగొచ్చి, "అన్నయ్య కళ్ళు అద్దాల్లా ఉన్నాయట వదినా," అనేవాడు. నేను నమ్మేదాన్ని. మా వీధిలో ఏడుగురు పిల్లలు ఆయన బస్సులోనే బడికి వెళ్తారు, వాళ్ళలో మా అమ్మాయి ఒకతి. పక్కింటావిడ కొత్తలో తటపటాయిస్తే, "మా ఆయన చేతిలో ఉంటుంది స్టీరింగు. పూచీ నాది," అన్నదాన్ని నేనే.

ఈసారి అచ్చాఫీసులో తొందర పని పడి మరిదికి కుదరలేదు. నేను చెప్పులేసుకుంటుంటే, "నువ్వెందుకు? వచ్చేవారం వాడొస్తాడు," అన్నారు.

"వచ్చేవారం బడి తెరుస్తారు. మీకు సెలవు దొరకదు."

దారి పొడుగునా ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకున్నాను.

ఆసుపత్రిలో ముందు చూపు పరీక్ష. పరీక్ష చేసే అమ్మాయి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమకన్ను మూసి, ఎదురుగోడకున్న తెర వెలిగించింది. ఆయన వెన్ను నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుని, ఒక్క ఊపిరిలో మొదలుపెట్టారు. పైనుంచి కిందికి అయిదు వరుసలు. ఆఖరుది, "ర, ట, న, ప, ల," అని గట్టిగా ముగించారు.

ఆ అమ్మాయి తెర వైపు చూసింది. ఆయన వైపు చూసింది. తర్వాత నా వైపు.

"సార్, నేనింకా మొదటి వరుసే పెట్టాను," అంది నెమ్మదిగా. "ఈ ఏడు తెర మార్చాం. అక్షరాలు తీసేశాం. అక్కడున్నవి అంకెలు."

అవి అరచేయంత అంకెలు, రెండు. వెనక బల్ల మీద కూర్చున్న నాకు కనబడుతూనే ఉన్నాయి.

ఆ అమ్మాయి రెండో కన్ను చూసి, కాగితం మీద ఏదో రాసి, "కాస్త మండుతుంది సార్, పైకి చూడండి," అంటూ చుక్కలు వేసింది. అరగంట కళ్ళు మూసుకుని కూర్చోమంది. ఆయన కళ్ళజోడు తీసి నా చేతికిచ్చారు. పెట్టెలో పెడదామని తెరిచాను. అడుగున నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క ఉంది. దాని మీద అయిదు వరుసల అక్షరాలు, లావుగా, నల్లగా, అచ్చులో. ఆఖరి వరుస ర, ట, న, ప, ల.

మా ఇంట్లో అంత చక్కగా అచ్చు వేయగలిగినవాడు ఒక్కడే.

అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు ఈ రోజుల్లోనే అన్నదమ్ములిద్దరూ వరసగా నాలుగు సాయంత్రాలు మేడమీద కూర్చుని ఏవో అక్షరాలు అప్పజెప్పుకున్నారు. ఏమిటది అంటే, "పదాల ఆట వదినా, నీకు రాదులే," అన్నాడు మరిది. చదువుకున్నదాన్ని, నాకు రాని ఆటేమిటో అని నవ్వుకుని, ఇద్దరికీ టీ పెట్టి మెట్లెక్కి ఇచ్చొచ్చాను. ఈయన దాంట్లో చక్కెర వేయకుండా, జాగ్రత్తగా.

అరగంటయ్యాక డాక్టరమ్మ పిలిచింది. గది చీకటి చేసి, నుదుటికి దీపం కట్టుకుని, "పైకి, కిందికి, నా చెవి వైపు," అంటూ చాలాసేపు చూసింది. లైటు వేశాక నాతో మాట్లాడింది.

"భార్యేనా? ఇన్నాళ్ళకి వచ్చారు. కంటి వెనక పొర మీద సన్నటి రక్తనాళాలు కారుతున్నాయని రెండేళ్ళ కిందటే చెప్పాను. కంట్లో సూదిమందు మొదలుపెట్టమన్నాను. బండి నడపొద్దన్నాను. ఇంట్లో మాట్లాడుకుని వస్తామని తమ్ముడుగారు చెప్పారు. పోయినేడు వచ్చి అక్షరాలు చదివేసి, చూపు బాగుందని బడికి ఇవ్వాల్సిన కాగితం కౌంటర్లో తీసుకుని, చుక్కలు వద్దని వెళ్ళిపోయారట. రాసుంది ఇక్కడ."

"ఇప్పుడు మించిపోయిందా?"

"కుడికన్ను చూపు తిరిగి రావడం కష్టం. ఎడమకన్ను నిలుపుకోవచ్చు, ఈ వారంలోనే మొదలుపెడితే. బస్సు మాత్రం వద్దమ్మా."

ఆటోలో ఆయన ఆసుపత్రివాళ్ళిచ్చిన నల్లద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నల్లగుడ్డు కంటినిండా పరుచుకుని ఉంది. ఎండకి తట్టుకోలేక మళ్ళీ పెట్టేసుకున్నారు. "నీకెందుకు బెంగ పెట్టడమని..." అన్నారు.

పక్కనే కూర్చున్నా ఆయనకి నా మొహం అలికేసినట్టే ఉంటుంది. ఆ కాసేపూ అదే నయమనిపించింది.

రెండింటికి మరిది భోజనానికి కిందికి దిగాడు. "అబ్బో, అన్నయ్య నల్లద్దాల్లో సినిమా హీరోలా ఉన్నాడే. ఏమన్నారు వదినా, అద్దాల్లా ఉన్నాయన్నారా?"

ఆ అట్టముక్క విప్పి అతని పళ్ళెం పక్కన పెట్టాను.

"అచ్చు బాగా పడింది," అన్నాను.

మరిది చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. మా అమ్మాయి అట్ట వైపు తొంగి చూసి, మా మొహాలు చూసింది.

"ఉద్యోగం పోతుందని వదినా. ఒక్క ఏడు గట్టెక్కితే చాలనుకున్నాం."

"నాకు చెప్పి ఉండొచ్చు."

"చెప్తే నువ్వు ఊరుకోవుగా."

"ఊరుకోననే కదా చెప్పాలి. మీ ఇద్దరూ మేడమీద ఆడిన ఆటలో నేను టీ కూడా అందించాను. ముందుసీట్లో మీ అన్న కూతుర్ని కూర్చోబెట్టాను. ఇంకో ఆరిళ్ళ పిల్లలకి పూచీ పడ్డాను."

"నెమ్మదిగా నడిపేవాణ్ణి," అన్నారాయన. "ఎప్పుడూ ఎవరికీ ఏమీ కాలేదు."

"కాలేదు," అన్నాను.

ఆయన నీళ్ళగ్లాసు కోసం బల్ల మీద తడుముకుంటున్నారు. చేతికి అందేలా జరిపాను. నా పళ్ళెంలో కూడా వడ్డించుకుని, కూర్చుని, చెప్పాను.

"బడి తెరిచిన రోజున మీరు బస్సెక్కరు. ఇవాళ నాలుగింటికి బడి మేనేజరు దగ్గరికి మనిద్దరం వెళ్తున్నాం. పోయినేటి కాగితం ఎలా వచ్చిందో మీ నోటితో మీరే చెప్తారు. ఎల్లుండి సూదిమందుకి వెంట నేనొస్తాను. ఇకమీద ప్రతిసారీ నేనే."

మరిది తల వంచుకుని, "మరి నేను?" అన్నాడు.

"నువ్వు తినేసి, జరిగింది చెప్పడానికి ఆ ఆరిళ్ళకీ వెళ్ళు. పక్కింటావిడతో మొదలుపెట్టు. అయిదు వరుసలు నేర్పినవాడివి, ఇది రెండు మాటలే. చూసుకోకుండా చెప్పు."