లోర్నా జైలుకెళ్ళిన శనివారం

లోర్నా తన కొడుకు కోల్బీతో అన్నిటికన్నా ఎక్కువసార్లు అన్న మాట ఒక్కటే: "పరిగెత్తకు." నాలుగో ఏట వాడికి ఉబ్బసం బయటపడింది. అప్పట్నుంచీ వాడు గుమ్మం దాటితే చాలు, ఆ మాట వెనకనుంచి వెంటపడేది. ఆయాసం వస్తే పీల్చే మందు పెట్టుకోవడానికి వాడి ప్రతి చొక్కాకీ లోపల ఒక జేబు కుట్టిందామె. ఇప్పుడు వాడికి పదిహేడేళ్ళు, తల్లికన్నా జానెడు ఎత్తు పెరిగాడు. జేబులు మాత్రం ఇంకా కుడుతూనే ఉంది.

అలాంటివాడు ఆ వేసవిలో జిల్లా సంతకి పందుల పోటీ చూడ్డానికెళ్ళి, సైన్యం వాళ్ళు గుడారంలో పంచుతున్న సీడీ ఒకటి పట్టుకొచ్చాడు. తుపాకుల ఆట. ఎక్కడెక్కడి కుర్రాళ్ళో ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని కంప్యూటర్లో జట్లు కట్టి ఆడతారు. సైన్యమే చేయించి, ఒక్క సెంటు పుచ్చుకోకుండా ఇస్తోంది. ఇరాక్‌లో యుద్ధం మొదలై అప్పటికి ఆర్నెల్లు కాలేదు. లోర్నాకి అన్నం సహించలేదు.

"ఊరికే ఎందుకిస్తారు వెర్న్?" అంది భర్తతో. "ఎవడు బాగా ఆడుతున్నాడో అక్కడ కూర్చుని చూస్తుంటారు. చూసి పట్టుకుపోతారు."

వెర్న్ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఆమె భయాలు విని విని రాటుదేలిపోయాడు. "మనవాణ్ణా? రెండు మెట్లెక్కితే వాడి ఛాతీ ఈల వేస్తుంది."

"యుద్ధమప్పుడు అవన్నీ చూస్తారా? మా పెద్ద మామయ్యవి కవాతుకి పనికిరాని చదును పాదాలు, అయినా తీసుకుపోలేదూ?"

"తీసుకుపోయి వంటశాలలో పెట్టారు. బంగాళాదుంపలు చెక్కి తిరిగొచ్చాడు."

"ఆ చెక్కడంలోనే కదా వేలు తెగ్గోసుకున్నాడు!"

వెర్న్ టోపీ పెట్టుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు.

అప్పుడు లోర్నాకి ఒక ఉపాయం తోచింది. బాగా ఆడేవాణ్ణి పట్టుకుపోయేట్టయితే, చచ్చు ఆట ఆడేవాణ్ణి వదిలేస్తారు కదా! శనివారం కోల్బీ కిరాణా దుకాణంలో సంచులు సర్దే పనికి వెళ్ళగానే, చర్చి విందు కోసం కలిపిన దాల్చినచెక్క రొట్టెల పిండి పొంగడానికి వదిలేసి, కంప్యూటర్ ముందు కూర్చుంది. వాడి పేరుమీద వీలైనంత అధ్వాన్నంగా ఆడేసి, పనికిరానివాడని వాళ్ళచేతే అనిపించాలని.

అధ్వాన్నంగా ఆడటానికి ఆమె ఏమీ కష్టపడక్కర్లేకపోయింది. కాసేపు గోడకేసి నడిచింది. కాసేపు ఆకాశంకేసి చూస్తూ నిలబడింది. కాల్పులు నేర్పే మైదానంలో టోపీ పెట్టుకున్న మాస్టరొకడు కొత్త సిపాయిల మీద గొంతు చించుకుంటున్నాడు.

"నా కొడుకు మీద అరవడానికి నువ్వెవడివిరా?" అంటూ లోర్నా అటు తిరిగింది. తిరగడంలో వేలు మీట నొక్కేసింది.

ఢామ్మని మోగింది. మాస్టరు కూలబడ్డాడు.

తెర నల్లబడింది. మళ్ళీ వెలుగొచ్చేసరికి రాతి గోడలు, ఇనప కటకటాలు. ఎవరో దిగులుగా మౌతార్గాన్ వాయిస్తున్నారు. లెవెన్‌వర్త్ సైనిక జైలట! ఆ జైలు వాళ్ళూరికి గంట ప్రయాణం. చెల్లెలింటికి వెళ్ళినప్పుడల్లా దారిలో ఆ ఊరి పేరున్న బోర్డు చూసి మొహం తిప్పుకునేది. ఇప్పుడు కన్నకొడుకుని తన చేతులతోనే అందులో వేసింది. కనబడ్డ మీటలన్నీ నొక్కింది. తలుపు తెరుచుకోలేదు. ఏడుస్తూ రొట్టెలు ఓవెన్లో పెట్టింది. వట్టి చేతులతో వెళ్ళి ప్రాధేయపడటం ఆమె ఎరగదు.

సైన్యంలో చేర్చుకునే ఆఫీసు పిజ్జా కొట్టు పక్కనే ఉంటుంది. లోపల గడ్డం మీసం ఉన్న పర్వతంలాంటి మనిషి ఉంటాడనుకుంది. బల్ల వెనక సార్జెంట్ ఇనెజ్ బరేరా అనే సన్నటి అమ్మాయి కూర్చుని ఉంది.

"మావాడు కాదమ్మా, నేను," అంది లోర్నా, వేడి రొట్టెల పళ్ళెం బల్లమీద పెట్టి. "కాల్చింది నేను. మావాడు దుకాణంలో ఉన్నాడు, కావాలంటే ఫోన్ చేసి కనుక్కోండి."

సంగతంతా విన్నాక ఇనెజ్ పెదవులు బిగపట్టి అడిగింది: "మాస్టర్ని కాల్చారా? కూర్చున్న ఎంతసేపటికి?"

"అరగంట అయుంటుంది."

"చాలా ఓపిక పట్టారే! నేను అయిదు నిమిషాలకే కాల్చేశాను." ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. "అందరం అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళమే మేడమ్. ఆట మళ్ళీ మొదలెడితే వదిలేస్తుంది. అది ఆటే. అందులోంచి చెయ్యి చాపి ఎవర్నీ లాక్కోం. వాళ్ళకై వాళ్ళు ఈ గుమ్మంలోకి నడిచి రావాలి. పదిహేడేళ్ళవాడైతే మీ సంతకం కూడా కావాలి."

"పద్దెనిమిది నిండితేనో?" కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు వెతుకుతూ లోర్నా తన సంచి బల్లమీద కుమ్మరించింది. పీల్చే మందు దొర్లుకుంటూ పళ్ళెం దగ్గర ఆగింది.

"ఇదెవరిది?"

"మావాడిదే. ఒకటి వాడి జేబులో, ఒకటి నా సంచిలో. మొన్న మంగళవారం కూడా పీల్చాడు."

ఇనెజ్ ఆ మందు వైపు చూసి, కొరికిన రొట్టె కింద పెట్టింది. "లోపల జేబున్న చొక్కా వేసుకుంటాడా? పొడుగ్గా ఉంటాడు? సంతలో ఆ సీడీ ఇచ్చింది నేనే మేడమ్. ఆ జేబులోంచి ఇలాంటి మందే తీసి చూపించి, 'ఇది పీల్చేవాళ్ళని తీసుకుంటారా' అని అడిగాడు. లేదు, వైద్య పరీక్షలోనే ఆపేస్తారన్నాను. పోనీ ఆటైనా ఇవ్వండన్నాడు."

లోర్నా గుండెలమీంచి గాదెడు బరువు దిగిపోయింది. దిగిన మరుక్షణం రోషం పొడుచుకొచ్చింది.

"అదేంటి, మావాడికేం తక్కువ? బంగారంలాంటి పిల్లాడు!"

"కావాలా, వద్దా? ఏదో ఒకటి చెప్పండి మేడమ్," అంది ఇనెజ్, ఇంకో రొట్టె అందుకుంటూ.

ఇంటికొచ్చేసరికి కోల్బీ కంప్యూటర్ ముందు ఉన్నాడు. మౌతార్గాన్ మోగుతోంది. వాడు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోతున్నాడు.

"అమ్మా! నన్ను జైల్లో వేసిందెవరు?"

"నోర్ముయ్," అంది లోర్నా, తనకీ నవ్వొచ్చేస్తుంటే. నవ్వు తగ్గాక వాడి పక్కన కూర్చుంది. "నిన్ను తీసుకోరని తెలుసటగా. మరెందుకురా దీన్ని పట్టుకుని వేలాడతావ్?"

కోల్బీ తల గోక్కున్నాడు. "చూడు," అని ఆట మళ్ళీ మొదలెట్టాడు. మంచు కప్పిన మైదానంలో వాడి సిపాయి పరుగందుకున్నాడు. కంచె దాటాడు, గుట్టెక్కాడు, దిగాడు.

"వీడికి ఆయాసం రాదమ్మా," అన్నాడు తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "ఎంత దూరమైనా పోతాడు."

లోర్నా వాడి భుజం మీద చెయ్యేసి తెరకేసి చూస్తూండిపోయింది. ఇంతలో గుట్ట వెనకనుంచి ముగ్గురు లేచి వాడి వెంటపడ్డారు. తూటాలు మంచుని చిమ్ముతున్నాయి. లోర్నా కుర్చీ తన్నేసి లేచింది.

"పరిగెత్తు! పరిగెత్తరా కోల్బీ! ఆగకు!"

ఆ కేకకి వెర్న్ షెడ్డులోంచి చేతిలో పానాతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏమైంది? ఏం చెయ్యమంటున్నావ్ వాణ్ణి?"

"పరిగెత్తమంటున్నా," అంది లోర్నా వెనక్కి తిరక్కుండా. "మధ్యలో మాట్లాడించకు, చూడనీ!"