కొక్కెం విప్పిన బండి

అమ్మేసిన పాత ట్రాక్టరు ట్రాలీ ఎడమ టైరు ఇప్పుడు ఏ దారిన తిరుగుతోందో, కొన్నవాడు దెగ్లూరు వైపు మనిషి, ఇటుకలు మోయిస్తున్నాడో ఇసుక మోయిస్తున్నాడో, మోయనీ, ఎంత బరువు వేసినా కిక్కురుమనని టైరు అది, ఏనాడూ నడిదారిలో కూలబడలేదు, అనుకుంటూ రాజమల్లు నీడ జరిగిన మేరకు తనూ జరిగి గోడకు వీపు ఆనించాడు, పొద్దున మనిషి పొడుగున పరుచుకున్న నీడ ఇప్పుడు మూరెడుకు దిగింది, డ్రైవింగు పరీక్షకు పిలిచే గుమాస్తా ఒకసారి వచ్చి సారు వస్తున్నారని చెప్పిపోయాడు, ఇంకోసారి వచ్చి సారు వచ్చారు గాని మోటారు సైకిళ్ల వాళ్లది ముందు చూస్తారని చెప్పిపోయాడు, ఆ తర్వాత రానేలేదు, కంచె అవతల ఇనుప కడ్డీలు పాతిన మైదానం ఎండలో మిలమిల మెరుస్తోంది, మెరవనీ, నిజామాబాదు ఎండ కోటగిరి ఎండకంటే చురుకే, ఇక్కడ కాలువ గాలి తగలదు గదా, అయినా ఇవాళ ఎంతసేపైనా సరే కూర్చోవలసిందే, ఈ వారంతో లర్నింగు లైసెన్సు గడువు అయిపోతుంది, ఇవాళ తప్పితే మళ్లీ మొదటికి, మళ్లీ కంప్యూటరు ముందు బొమ్మల పరీక్ష, మళ్లీ డాక్టరు సంతకం, మళ్లీ మీసేవలో స్లాటు దొరకలేదు తాతా వచ్చే నెల చూద్దాం అనే మాట, అటు చూస్తే వ్యాను డ్రైవరు వెంకటి ఆదివారం దాకానే ఉంటానన్నాడు, టిప్పరు మీద పని దొరికిందట, వాడు పోతే వ్యాను నడిపేవాడు లేడు, వ్యాను కదలకపోతే పెళ్లాం తారాబాయి కాల్చిన జొన్నరొట్టెలు కోటగిరిలోనే చల్లారిపోతాయి, రొట్టెలు కొనే హాస్టలు మెస్సువాడు రెండు పూటలు చూస్తాడు, మూడో పూటకు ఇంకొకరిని పెట్టుకుంటాడు, అంతే సంగతి.

కాని ఇవాళ పరీక్ష తప్పడు, తప్పే పనే లేదు, రాజమల్లుకు ఆ సంగతి మనసులోనే తెలుసు, పక్కన కూర్చున్న అతీఖ్‌కే తెలియదు పాపం, బోధన్‌లో ఏసీలు బాగుచేస్తాడట, ఇద్దరు పిల్లల తండ్రి, ఒకచోట కుదురుగా ఉండడు, లేస్తాడు కూర్చుంటాడు ఫోను చూస్తాడు, చాచా, నాకైతే దిమాక్ ఖరాబైతున్నది, నెలల సంది స్లాటు కోసం తిరిగితి, ఇయ్యాల దొరికిందంటే ఇక్కడ గిట్ల కూసోబెట్టిండ్రు, మీకు బేజారు గాదా అంటాడు, రాజమల్లు ఊఁ అన్నాడు, ఆ ఊఁ అవునో కాదో తేల్చుకోలేక అతీఖ్ నవ్వాడు, మీరు మాట్లాడితే టోల్ కట్టాల్నా ఏంది చాచా అన్నాడు, దానికి కూడా రాజమల్లు ఊఁ అన్నాడు, మాట్లాడడానికి ఏముంది, ఎదురుచూడడం అంటే ఏమిటో వీడికేం తెలుసు, చెరుకు సీజనులో బోధన్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుస ఊరు దాటి పోయేది, బరువు తూచే కాటా దాకా చేరేసరికి ఒక్కోసారి గడ్డం మాసేది, ముందున్న ట్రాలీకి సుతిలి తాడు కట్టి ఆ కొస చూపుడు వేలికి చుట్టుకుని స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయేవాడు, ముందు బండి కదిలితే వేలు గుంజేది, కళ్లు తెరవకముందే చెయ్యి గేరు వేసేది, ఇప్పుడు చూడు, వేలికి సుతిలి లేకపోయినా కుర్రాడెవరో ఎదుట లేచి లోపలికి పోగానే రాజమల్లు వేలు తనంతట తనే చిన్నగా అదిరింది, ఇంకొక బండి కదిలిందన్నమాట, ఎంత పొడుగు వరుసైనా ముందువాడు కదలక తప్పదు, తన వంతు రాక తప్పదు, ఈ ధీమా బళ్లో చెప్పింది కాదు, బడి మూడో తరగతితోనే అయిపోయింది, ఇది గేటు ముందు కూర్చుని నేర్చింది.

ఓ మామా, నిద్ర వచ్చిందా ఏంది, కడ్డీలు కలలకొస్తున్నయా, అని వెంకటి వ్యాను దగ్గరి నుంచి కేకవేశాడు, వేయనీ, వాడి నోరు అంతే, పోయినసారి పరీక్ష తప్పినప్పుడు కూడా వాడే చూశాడు, ముందుకు పోయేటప్పుడు రాజమల్లు బండి దారానికి గుచ్చినట్టు పోయింది, ఇనస్పెక్టరు సారు కూడా అట్ట మీద ఏదో గీసుకుని తల ఊపాడు, వెనక్కి రమ్మన్నాడు, రాజమల్లు మెడ తిప్పి వెనక్కి చూశాడు, అంతే, చేతులు ఎడమకు తిప్పాయి, బండి వెనక భాగం కుడికి పోవాలంటే ఎడమకు తిప్పాలి, అది ట్రాలీ లెక్క, ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే కొక్కెం దగ్గర మడత పడి ట్రాలీ అటు తిరుగుతుంది, బతుకంతా అదే లెక్క, ఫ్యాక్టరీలో క్రేను కింద రెండు ట్రాలీలు కలిపి వెనక్కి పెట్టాలంటే ఎక్కడున్నా రాజమల్లును పిలిచేవాళ్లు, కాని వ్యానుకు కొక్కెం లేదు, ట్రాలీ లేదు, ఎడమకు తిప్పితే ఎడమకే పోతుంది, పోయింది, కడ్డీ ఠంగుమంది, కంగారులో ఇంకాస్త తిప్పాడు, రెండోదీ ఠంగుమంది, సారు నవ్వలేదు, పెద్దాయనా, వెనక్కి సూసినంక చెయ్యి ఉల్టా పోతుంది నీది, ఇంటికాడ నేర్సుకొని రా అన్నాడు, వెంకటి మాత్రం కోటగిరి దాకా నవ్వుతూనే ఉన్నాడు, జిందగీ మొత్తం చెరుకు తోలినోడు రెండు కట్టెలకు దొరికిపోయిండు గదనే అత్తా, అని వ్యాను వెనక రొట్టెల గంపల మధ్య కూర్చున్న తారాబాయికి చెప్పాడు, తారాబాయి నవ్వుతుందనుకున్నాడు, ఆమె నవ్వింది కూడా, నవ్వి, నీ కట్టెలు నువ్వు సూసుకో బిడ్డా, ఆయన ఒకపాలి తప్పినకాడ ఇంకోపాలి తప్పడు, అంది.

ఆ మాట వెనక నుంచి వచ్చింది, తారాబాయి మాట ఎప్పుడూ వెనక నుంచే వస్తుంది, మొదటిసారి విన్నదీ అలాగే, చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన గుంపులో పిల్ల, లోడు ఎక్కించాక కూలోళ్లంతా ట్రాలీ మీద చెరుకు మోపుల పైన ఎక్కి కూర్చునేవాళ్లు, ట్రాక్టరు గుంతలో పడ్డప్పుడల్లా ఒక్క గొంతు మాత్రం హళూ, హళూ, అని అరిచేది, మెల్లగా పోనియ్యమని, రాజమల్లు మెడ తిప్పి చూస్తే చెరుకు ఆకుల మధ్య తలకు చుట్టిన పసుపు రంగు గుడ్డ ఒకటి ఎగురుతుండేది, మొహం కనిపించేది కాదు, ఇంకోసారి చూసేవాడు, రోడ్డు మీద చూపు పెట్టురా అని వెనక ట్రాక్టరు వాడు తిట్టేవాడు, రివర్సు పెట్టేటప్పుడు మాత్రం ఎవరూ తిట్టేవాళ్లు కాదు, రివర్సులో వెనక్కి చూడాల్సిందేగా, అందుకే అందరికంటే నిదానంగా, అందరికంటే నున్నగా రివర్సు పెట్టేవాడు, పైన కూర్చున్న పిల్ల తూలిపడకుండా, అందరూ అది పనితనం అనుకున్నారు, అనుకోనీ, మూడో సీజను ముగిసేనాటికి గుంపు తిరిగిపోయింది, తారాబాయి పోలేదు, ఈ మనిషి మాట్లాడడు, నేనే రెండు నోళ్లు మాట్లాడుకుంట, అని రాజమల్లు తల్లితో చెప్పి పొయ్యి ముందు కూర్చుంది, ఆ తర్వాత కూడా ఎక్కడికి పోయినా ట్రాలీలోనే, సంతకు ట్రాలీలో, కాన్పుకు ట్రాలీలో గడ్డి పరుచుకుని, ఫ్యాక్టరీ మూతపడి, చెరుకు పోయి వరి వచ్చి, ట్రాక్టరూ ట్రాలీ అమ్మి ఈ పాత వ్యాను కొన్నాక ఆమె గంపల మధ్యకు చేరింది, రొట్టెలు ఒరగకుండా పట్టుకోవాలి గదా, ముందు సీట్లో వెంకటి పక్కన రాజమల్లు, వెనక దుమ్ములో, దాటిపోయిన దారి వైపు మొహం పెట్టి ఆమె, ఒకనాడు ఎడపల్లి దాటాక మెల్లగా అంది, వెంకటికి వినపడకుండా, ఓ మనిషీ, ఇన్నేండ్ల సంది పోయిన తొవ్వనే సూసుకుంట వస్తున్న, ఒక్కపాలన్నా ముంగట కూసొని వచ్చే తొవ్వ సూడాలెనే, అంది, రాజమల్లు ఊఁ అన్నాడు, మరుసటి రోజే మీసేవకు పోయి పాత ట్రాక్టరు లైసెన్సు పనికొస్తుందా అని అడిగాడు, దాని గడువు పోయి ఏండ్లయింది, కొత్తది తీయాల్సిందే అన్నారు, తీస్తానన్నాడు, ఎందుకో ఆమెకు చెప్పలేదు, ఆమె అడగలేదు, ఆమెకు తెలుసు.

నేర్చుకుని రమ్మన్నారు, సరే, స్లాటు మళ్లీ దొరికేదాకా రోజులకేం కొదువ, కళ్లంలో వడ్లు ఎత్తేశాక తారాబాయి ఎక్కడి నుంచో చెరుకు గడలు తెచ్చి మైదానంలోలాగే పాతింది, ఇంకా మన దిక్కు చెరుకు ఏసేటోడున్నడు, అడిగితే మోపు ఇచ్చిండు అని సంబరపడింది, రాజమల్లు రివర్సు పెట్టడం, గడ విరగడం, ఆమె విరిగిన గడ తీసుకుని చెక్కు తీసి నములుతూ, తియ్యగున్నది, ఇంకోటి ఇరగ్గొట్టు, అనడం, నాలుగు గడలు పోయాక నవ్వు ఆపి దగ్గరికి వచ్చింది, నువ్వు ముందుకు సూసినప్పుడు ఇప్పటి మనిషివి, యెన్కకు తిరిగినవంటే చెరుకు కాలం మొకమైతది నీది, ఎవరిని సూస్తున్నవు ఆడ, అంది, రాజమల్లు చెవులు వేడెక్కాయి, ఈ వయసులో చెవులు వేడెక్కడం ఏమిటి, మళ్లీ స్టార్టు చేశాడు, ఆ తర్వాత గడలు విరగడం తగ్గింది, పదిసార్లకు ఒకసారి, ఆ ఒక్కసారి ఎప్పుడు వస్తుందో మాత్రం చేతికే తెలియాలి, ఆ ఒక్కసారి ఇవాళ కాకపోతే చాలు, కాదు, ఇవాళ కాదు, అరచేతులు పొడిగా ఉన్నాయి, కడుపులో బెదురు లేదు, ఆకలి మాత్రం ఉంది, తారాబాయి అదెట్లా పసిగట్టిందో రొట్టెలో ఎల్లిపాయ కారం చుట్టి తెచ్చి చేతిలో పెట్టింది, అతీఖ్‌కూ ఒకటి ఇచ్చింది, తిను బిడ్డా, కడుపుల పడితే నిమ్మళమైతది, అంది, వాడు తింటూ, అవ్వా, మీ రొట్టె తింటే స్లాటు ఇంకో నెలకు ఏసినా పర్వాలేదు అన్నాడు, నీకు పర్వాలేదు, మాకున్నది, అని ఆమె నవ్వింది, ఆ నవ్వు చివర కొంచెం సన్నబడింది, రాజమల్లుకు వినపడింది.

రాజమల్లు, కోటగిరి, అని గుమాస్తా పిలిచాడు, వేలు గుంజింది, నిలబడ్డాడు, నడుము పట్టేసింది, వదిలించుకున్నాడు, గంపలు దించేసి వెంకటి తాళాలిస్తూ పైలం మామా అన్నాడు, ఈసారి వెక్కిరింపు లేదు గొంతులో, రాజమల్లు ఎక్కి కూర్చున్నాడు, మైదానం అంచున అదే సారు, అదే అట్ట, ఆఁ, పెద్దాయనా, నేర్సుకున్నవా, ఊఁ సారు, పో మరి, బండి దారానికి గుచ్చినట్టు ముందుకు పోయింది, మలుపు తిరిగింది, ఆగింది, ఇక వెనక్కి, రివర్సు గేరు కిర్రుమంది, మెడ తిప్పాడు, వెనక అద్దంలోంచి ఎండ, ఎండలో కడ్డీలు, కడ్డీల మీద లేని ఆకులు, ఆకుల్లో లేని పసుపు గుడ్డ, హళూ, హళూ, ఎడమ చెయ్యి కిందికి గుంజుతోంది, ట్రాలీ లెక్క వచ్చేస్తోంది, బండి మూల కడ్డీ వైపు వంగుతోంది, రాజమల్లు కాలు బ్రేకు మీద పడింది, నిదానంగా, నున్నగా, పైన ఎవరో తూలిపడతారన్నట్టు, బండి ఆగింది, హళూ అన్న గొంతు కూడా ఆగిపోయింది, ఎందుకాగింది, వెనక ఎవరున్నారు, చూశాడు, బాగా చూశాడు, ఖాళీ సీట్లు, గంపలు పెట్టిన చోట పిండి మరక, అంతే, ఆమె ఏదీ, మెడ ఇటు తిప్పితే ఎడమ కిటికీలో కనబడింది, కంచె పట్టుకుని నిలబడింది, రెండు నోళ్లు మాట్లాడే మనిషి పెదవులు బిగించుకుని, వెనక కాదు, సరిగ్గా తన పక్కనున్న ముందు సీటుకు ఎదురుగా, ఆ ఖాళీ సీటు మీద ఆమె నీడ పడినంత దగ్గరగా, ఓహో, అనుకున్నాడు, ఇంతేనా, అనుకున్నాడు, చేతులు వాటంతట అవే సర్దుకున్నాయి, కుడికి పోవాలంటే కుడికి, అంత తేలిక, బండి వెనక్కి జారింది, ఒక కడ్డీ దాటింది, ఇంకొకటి దాటింది, ఏదీ ఠంగుమనలేదు, సారు అట్ట మీద గీత గీసి ఇంకొకరిని రమ్మని చెయ్యి ఊపాడు, అతీఖ్ ఎక్కడో చప్పట్లు కొడుతున్నాడు, కొట్టనీ, ఆ పసుపు గుడ్డ పిల్ల చెరుకు మోపుల మీద నుంచి ఎప్పుడో దిగిపోయింది, కొక్కెం ఎప్పుడో విడిపోయింది, ఇన్నేళ్లుగా తనే మెడ నొప్పి పుట్టేలా వెనక్కి తిరుగుతున్నాడు గాని, ఆమెను చూడాలంటే ఇక వెనక్కి తిరగాల్సిన పని లేదు, పక్కకు చూస్తే చాలు.