తెరవకుండా పెట్టిన టిక్కు

కుడిచేతి బొటనవేలికి రబ్బరు తొడుగు, ఎడమచేతి కింద తెల్ల స్టిక్కర్ల షీటు. భీమశంకర్ అట్టపెట్టెలోంచి పుస్తకం తీస్తాడు. పిల్లల విభాగం దగ్గర తెరుస్తాడు. ఎడమ పేజీలో నడిమధ్యనున్న నాలుగు లైన్ల మీద స్టిక్కరు అంటించి, బొటనవేలితో గట్టిగా రుద్ది, పుస్తకం మూసి పక్కనున్న ఖాళీ పెట్టెలో పెడతాడు. మళ్ళీ ఇంకొకటి. నిన్నా ఇదే పని, పొద్దున్నుంచీ ఇదే పని. ఇప్పుడు వేళ్ళు కళ్ళతో నిమిత్తం లేకుండానే ఆ పేజీ దగ్గర ఆగుతున్నాయి.

అమెరికాలో నేపర్‌విల్ ఊరు దాటాక, మొక్కజొన్న కోసేసిన పొలాల అంచున ఉంది ఆ గోడౌను. నవంబరు నెల. హీటరు ఉన్నది పేరుకే. వేడంతా పైకప్పు దగ్గరే తచ్చాడుతుంది తప్ప కిందికి దిగదు. స్వెటరు మీద కోటు, కోటు మీద మఫ్లరు, నెత్తిన మంకీ క్యాపు. పొట్టి మనిషి, మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది, కళ్ళజోడు ముక్కు చివర నిలబడనని మొరాయిస్తుంది. యాభై దాటి కొన్నేళ్ళయింది. తెల్లవారుజాము బస్సు కోసం బందరు బస్టాండులో కాచుకున్నవాడిలా కూర్చుని ఉన్నాడు.

ఆ పుస్తకం వెబ్‌సైట్ల డైరెక్టరీ. టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు, అట్ట మీద పెద్దక్షరాలతో 2003 అని ఉంటుంది. తర్వాతి కాలం వాళ్ళకు చెబితే నవ్వుతారు గానీ, ఒకప్పుడు ఇంటికి కంప్యూటరు తెచ్చుకున్నవాళ్ళు దాంతోపాటు ఇదీ కొనుక్కునేవాళ్ళు. ఇంటర్నెట్లోకి వెళ్ళాక ఎటు పోవాలో ఎవరికి తెలుసు? వంటలకు ఇదీ అడ్రసు, చేపలు పట్టడానికి ఇదీ, జబ్బులకు ఇదీ అని చెప్పి, ఒక్కోదాని కింద రెండు ముక్కల వివరణ. లైబ్రరీలు కొన్నాయి, బళ్ళు కొన్నాయి. పారే కాలువలో నీళ్ళు ఎక్కడెక్కడున్నాయో అచ్చేసి అమ్మడం లాంటి వ్యాపారం. అయినా కొన్నాళ్ళు బాగానే సాగింది.

భీమశంకర్ అందులో చెకరు. అచ్చుకు పోయేముందు ప్రతి అడ్రసూ కంప్యూటర్లో తెరిచి చూడాలి. బతికి ఉంటే టిక్కు పెట్టి పక్కన పొడి అక్షరాలు వెయ్యాలి, చచ్చిపోతే కొట్టెయ్యాలి. బందరు టెలిఫోన్ ఆఫీసులో సగం జీవితం డైరెక్టరీ ప్రూఫులు దిద్దినవాడికి ఇదేం కొత్త పని కాదు. బావమరిది వెంకటస్వామి స్పాన్సర్ చేస్తే భార్య రాజేశ్వరమ్మతో పాటు వచ్చాడు. వచ్చిన కొత్తలో చేర్చడమే పని. ఇంటర్నెట్ కంపెనీలు వరసగా మూతపడ్డాక ఇక కొట్టెయ్యడమే. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా ఒకటే వరస, పేజీ దొరకలేదు, పేజీ దొరకలేదు. శ్మశానంలో కాటికాపరి ఉద్యోగం వేయించుకున్నానని రాజేశ్వరమ్మతో హాస్యమాడేవాడు. ఆవిడ నవ్వేది కాదు.

ఇప్పుడు స్టిక్కర్లెందుకంటే, ఆ నాలుగు లైన్లలో ఉన్న అడ్రసు చేతులు మారింది. అయోవాలో ఎవరో రిటైరైన సైన్సు మాస్టారు పిల్లలకు మేఘాల గురించి చెప్పడానికి పెట్టుకున్న పేజీ అది. ఆ అడ్రసుకు ఏటేటా కట్టాల్సిన డబ్బు కట్టకపోతే, ఎవడో కాచుకుని కూర్చుని కొనేసి, అక్కడ బట్టల్లేని ఆడవాళ్ళ బొమ్మలు పెట్టాడు. పుస్తకం అచ్చయి బళ్ళకు చేరింది. ఏదో ఊళ్ళో మూడో తరగతి పిల్ల మేఘాలు చూద్దామని ఆ అడ్రసు కొట్టింది. మర్నాటికి ఆ పిల్ల తల్లి పేపరువాళ్ళను పిలిచింది. పంపిన కాపీలన్నీ వెనక్కొచ్చాయి.

ఆ అడ్రసు పక్కన టిక్కు పెట్టింది ఎవరన్నది సాయంత్రం నాలుగింటికి తేలుస్తానని మేనేజరు డయాన్ చెప్పింది. తేల్చడానికేముంది, భీమశంకరే పెట్టాడు. పేజీ తెరవకుండానే పెట్టాడు.

ఉద్యోగం మీద మమకారమా అంటే అంత లేదు. కానీ రాజేశ్వరమ్మకు గుండెలో వాల్వు మార్చాలి. జనవరిలో ఆపరేషను. ఇన్సూరెన్సు ఈ ఉద్యోగంతో ముడిపడి ఉంది. జనవరి దాకా ఇక్కడ ఉండాలి, అంతే. ఆ తర్వాత గోడౌను ఊడవమన్నా ఊడుస్తాడు, పొమ్మన్నా పోతాడు.

అందరి పేజీలూ తెరిచి చూసేవాడు అదొక్కటే ఎందుకు తెరవలేదంటే, దానికో కథ ఉంది. చేరిన కొత్తలో మధ్యాహ్నం అన్నం తింటూ ఆ మేఘాల పేజీ చూస్తూ ఉండేవాడు. మాస్టారు రోజుకో ఫొటో పెట్టి, ఇది వాన మేఘం, ఇది వట్టి మేఘం అని పిల్లలకు చెప్పేవాడు. మీరు చూసిన ఆకాశం గురించి రాయండి అని అడిగేవాడు. ఒకనాడు భీమశంకర్‌కు ఏం తోచిందో ఏమో, రాసేశాడు. డెబ్బై ఏడు నవంబరులో దివిసీమ ఉప్పెన నాటి పొద్దు. తను బందరులో డ్యూటీలో ఉన్నాడు. ఆఫీసు మెట్ల మీద నిలబడి చూస్తే ఆకాశం పాత రాగిచెంబు రంగులో ఉంది, మేఘాలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి, కాకులు కనపడలేదు. భార్యా మూడేళ్ళ కూతురు నాగమణీ నాగాయలంక దగ్గర ఆవిడ పుట్టింట్లో ఉన్నారు. రాజేశ్వరమ్మ తాటిచెట్టును వాటేసుకుని బతికింది. పిల్ల చేతిలోంచి జారిపోయింది. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు పుట్టలేదు, ఆ రోజు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

తనకొచ్చిన ఇంగ్లీషులో రాసినదంతా మాస్టారు ఒక్క అక్షరం దిద్దకుండా పేజీలో పెట్టాడు. ఇల్లినాయిలో ఉన్న నా స్నేహితుడు చూసిన ఆకాశం, అని పైన రాశాడు. కింద నాగమణి పేరు. పిల్ల శవం దొరకలేదు, ఫొటో ఎన్నడూ తియ్యలేదు. ప్రపంచంలో ఆ పేరు రాసి ఉన్న చోటు అదొక్కటే. అది చూశాక భీమశంకర్ ఇంకెప్పుడూ ఆ పేజీ తెరవలేకపోయాడు. చెకింగు వచ్చినప్పుడల్లా, అది ఎక్కడికి పోతుందిలే అని టిక్కు పెట్టేసేవాడు. అది అక్కడ ఉందనుకోవడమే అతనికి కావలసింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతుండగా రాజ్ వచ్చాడు. కంప్యూటరు రికార్డులన్నీ చూసుకునే కుర్రాడు, వరంగల్ నుంచి వచ్చాడు, ఆఫీసులో ఇంకో తెలుగువాడు అతనొక్కడే. పెట్టె మీద కూర్చున్నాడు.

“అంకుల్, నాలుగింటికల్లా ఆ ఎంట్రీకి ఎవరు టిక్ పెట్టిన్రో లాగ్ ప్రింట్ తీసియ్యమంది డయాన్. మీ ఇనిషియల్సే ఉన్నయ్.”

“తెలుసు నాన్నా.”

“లిండా సెప్టెంబర్‌ల మానేసి ఫ్లోరిడా పొయ్యింది గదా. ఆమె ఇనిషియల్స్ పెట్టేస్త. ఆమెకు పొయ్యేదేం లేదు. ఆంటీ సర్జరీ అయ్యేదాకన్న మీరు ఉండాలె.”

లిండా భీమశంకర్‌కు పక్క సీటు. మౌసు పట్టుకోవడం కూడా ఆవిడే నేర్పింది. చలికాలంలో రాజేశ్వరమ్మ కోసం చేతి తొడుగులు అల్లి పంపింది, వాటినే ఆవిడ ఇప్పుడూ వేసుకుంటుంది. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వద్దనాలని ఉంది. వద్దంటే జనవరి ఏమవుతుంది? బందరులో ముఫ్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క తప్పుడు సంతకం పెట్టనివాడు సిగ్గుతో చితికిపోతూ తల వంచుకున్నాడు.

“మార్చెయ్యి,” అన్నాడు.

రాజ్ వెళ్ళిపోయాక చేతిలోని ముద్ద డబ్బాలోనే వదిలేశాడు. డబ్బా మూసేసి మళ్ళీ పనిలో కూర్చున్నాడు. స్టిక్కరు పడిన ప్రతిసారీ ఆ నాలుగు లైన్లు కనబడుతూనే ఉన్నాయి. ఆ వివరణ తను రాసిందే. ఆకాశం చూడటం పిల్లలకు ఓపికగా నేర్పే పేజీ, చూసి తీరవలసింది, అని. మాస్టారి పేరు, ఊరు పేరు. ఆయన ఎందుకు వదిలేశాడో అన్న ప్రశ్న రెండు రోజులుగా తొలుస్తోంది.

పాత ఫైల్లో నంబరు ఉంది. గోడకున్న ఫోను తీసి చేశాడు. ఒక ఆడమనిషి పలికింది. మాస్టారి కూతురట. నాన్నగారు మార్చిలో పోయారని చెప్పింది. ఆ అడ్రసుకు డబ్బు కట్టమని కంప్యూటరుకు ఏవో ఉత్తరాలు వచ్చి ఉంటాయి, ఎవరూ తెరిచి చూడలేదు, ఆ కంప్యూటరు చర్చి వాళ్ళకు ఇచ్చేశామంది. అందులోవి ఏమన్నా దాచారా అని భీమశంకర్ అడిగాడు. లేదంది. అంటే నాగమణి పేరు ఇక ఎక్కడా లేదు. ఇరవై అయిదేళ్ళ కిందట నీళ్ళు చేసిన పనే మళ్ళీ జరిగింది, ఈసారి కూడా తను పక్కన లేడు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

ఆవిడ తండ్రి గురించి చెబుతూ పోయింది. పుస్తకంలో వేశారని చివరిదాకా మురిసిపోయేవాడట. ఈ ఏడాది పుస్తకంలో కూడా ఉన్నాడా అని అడిగింది. ఇప్పుడా అడ్రసులో ఏముందో ఆవిడకు తెలియదు. ఉన్నారమ్మా అన్నాడు. అయితే మా అమ్మ కోసం ఒక కాపీ పంపగలరా అని ఆవిడ అడిగింది. పంపుతానని మాటిచ్చాడు.

నాలుగు కావస్తుండగా ఆఖరి పుస్తకం మీద ఆఖరి స్టిక్కరు అంటించి, రుద్ది, లేచాడు. ఈ ఒక్క పనైనా మాట రాకుండా పూర్తి చేయాలని అతని పట్టుదల.

డయాన్ గదిలో చెకర్లందరూ నిలబడి ఉన్నారు. రాజ్ ఇచ్చిన కాగితం ఆవిడ చేతిలో ఉంది. భీమశంకర్ ఆ కాగితం వంకే చూస్తున్నాడు. ఆవిడ దాన్ని విప్పను కూడా విప్పలేదు. పైవాళ్ళు ఇక ఈ పుస్తకం వెయ్యరట. స్టిక్కర్లు అంటించిన కాపీలు కూడా షాపులు వద్దన్నాయట, అన్నీ గుజ్జు చేసే మిల్లుకు పోతాయట. ఎవరి తప్పన్నది ఇప్పుడు అనవసరం అంది. ఈ రోజుతో ఉద్యోగాలు ఆఖరు, ఇన్సూరెన్సు నెలాఖరు దాకా. ఆవిడ కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి, తీసేసినవాళ్ళ జాబితాలో ఆవిడ పేరూ ఉంది.

“నా భార్యకు జనవరిలో ఆపరేషను,” అన్నాడు భీమశంకర్ ఇంగ్లీషులో.

సొంత డబ్బుతో కట్టుకుని కొనసాగించుకోవచ్చని ఆవిడ ఒక కాగితం చేతిలో పెట్టింది. అది కట్టగలిగినవాడైతే ఈ గోడౌనులో ఎందుకుంటాడు? లిండా పేరున్న కాగితాన్ని డయాన్ చించి చెత్తబుట్టలో వేసింది. లిండాను తను అమ్ముకున్నాడు, ప్రతిఫలం సున్నా. అవమానం మాత్రం మిగిలింది.

రాజ్ కారులో దింపుతానన్నాడు. అయిదు నిమిషాలు ఆగమని చెప్పి భీమశంకర్ గోడౌనులోకి వెళ్ళాడు. ఒక కాపీ పంపుతానని మాటిచ్చాడు కదా. మిల్లుకు పోయేలోగా ఒకటి తీసుకుంటే ఎవరూ కాదనరు. ఆఖరిగా అంటించిన పుస్తకమే తీసుకున్నాడు, ఇంకా గమ్ము పట్టి ఉండదని ఆశ. పిల్లల విభాగం దగ్గర తెరిచాడు. గోటితో స్టిక్కరు అంచు లేపి, నెమ్మదిగా లాగాడు.

కాగితం పల్చనిది. రుద్దింది తనే, గట్టిగా రుద్దాడు. స్టిక్కరు లేచి వచ్చింది, దాంతోపాటే అచ్చు కూడా లేచి వచ్చింది. పేజీలో నాలుగు లైన్లున్న చోట గరుకు మచ్చ మిగిలింది. ఇంకో పుస్తకం తీసి లాగాడు. అదీ అంతే. మూడోది తియ్యలేదు. బల్ల పట్టుకుని కాసేపు ఏడ్చాడు, శబ్దం రాకుండా ఏడవడం అతనికి అలవాటే.

తర్వాత మొహం తుడుచుకుని, పుస్తకాలు పెట్టెలో పెట్టి, రబ్బరు తొడుగు తీసి జేబులో వేసుకుని, లైటు ఆర్పాడు. బయట కారు చప్పుడు కాసేపు వినిపించి దూరమైపోయింది.

బల్ల అంచున జిగురు వైపు పైకి పెట్టి వదిలేసిన స్టిక్కరు మీద, ఆకాశం చూడటం ఓపికగా నేర్పే పేజీ అన్న మాటలూ ఒక ముసలాయన పేరూ కుడి నుంచి ఎడమకు, తిరగబడి, చక్కగా అంటుకుని ఉన్నాయి.