సముద్రం దాటిన చేతులు

పోర్ట్ బ్లెయిర్ నుంచి తంతి వచ్చేసరికి కల్యాణవల్లి మడిలో ఉంది. పొయ్యి మీద స్వామికి పెట్టే అన్నం ఉడుకుతోంది. అందుకని కాగితాన్ని ముట్టుకోలేదు. భర్త దేవనాథన్ వంటింటి గడప అవతల నిలబడి చదివి వినిపించాడు. ఆమె చెల్లెలు పద్మాక్షికి ఆడపిల్ల పుట్టింది. తల్లి ప్రాణం మీదికి వచ్చింది. ఎవరైనా వెంటనే బయలుదేరి రావాలి.

ఎవరైనా అంటే ఎవరున్నారు? అక్కచెల్లెళ్ళకు అమ్మా నాయనా పోయి చాలా కాలమైంది. పద్మాక్షి భర్త అక్కడ సర్కారు ఆఫీసులో గుమాస్తా. అతని తల్లి కాశీయాత్రలో ఉంది. కల్యాణవల్లి అన్నం దించి, గంజి వార్చి, స్వామి గిన్నెలోకి తీసి మూత పెట్టి, అప్పుడు గోడకు చేరగిలబడి ఏడ్చింది.

అది డెబ్బైనాలుగో సంవత్సరం. చంద్రగిరికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో చిన్న కృష్ణుడి గుడి ఉంది. దేవనాథన్ అక్కడ అర్చకుడు. గుడికి వేరే వంటశాల లేదు. స్వామికి రెండు పూటలా పెట్టే నైవేద్యం, వాళ్ళ మాటల్లో తళిగ, అర్చకుడి ఇంట్లోనే తయారు కావాలి. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఆ వంట కల్యాణవల్లిదే. ఆమె చేసే పులిహోర కోసం శనివారం పూట పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చేవారు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమెను పొద్దున్నే లేపేదీ, నడిపించేదీ ఆ పొయ్యే.

అర్చన చేసేవాడు సముద్రం దాటకూడదు. ఆ సంగతి దేవనాథన్‌కు ఒకరు చెప్పనక్కరలేదు. భార్యను పంపడానికైనా పెద్దల అనుమతి కావాలని అతను యతిరాజులు ఇంటికి వెళ్ళాడు. యతిరాజులు అతనికి పెదనాయన. బడిపంతులుగా చేసి విరమించినవాడు. గుడి విషయంలో ఆయన మాటే చెల్లుబాటు.

ఆయన చాలాసేపు తులసిపూసలు తిప్పుతూ కూర్చున్నాడు. "తోడబుట్టినదాని ముఖం చూడొద్దని ఏ శాస్త్రమూ చెప్పదురా. పోయిరమ్మను" అన్నాడు.

పోర్ట్ బ్లెయిర్‌లో బడి నడిపే పంతులు దంపతులు సెలవులు ముగించుకుని మద్రాసు నుంచి పోయే ఓడలో తిరిగిపోతున్నారని తెలిసి, దేవనాథన్ వాళ్ళతో తోడు మాట్లాడాడు. ఇక ఓడ ప్రయాణం అంటే ఏమిటో చెప్పేవాళ్ళు కావాలి. ఆ చుట్టుపక్కల ఓడ ఎక్కిన మనిషి ఒక్కతే. వీధి చివర అప్పడాలు చేసి అమ్ముకునే వసంతమ్మ. ఆమె రంగూన్‌లో పుట్టింది. యుద్ధం రోజుల్లో ఓడెక్కి మద్రాసులో దిగింది.

"అమ్మణ్ణీ, భయపడబాక. నేను చెప్పినట్టు చెయ్యి" అంది వసంతమ్మ, అప్పడాల పీట పక్కకు జరిపి. "ఖాళీ కడుపుతో ఓడెక్కొద్దు. అట్లని కడుపునిండా కూడా తినొద్దు. నూనె వస్తువు అసలొద్దు. ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన దబ్బకాయ ముక్కలుండాయి కదా, అవి కొంగున కట్టుకో. కడుపులో తిప్పినప్పుడు ఒక ముక్క బుగ్గన పెట్టుకో. అలల్ని సూడబాక. దూరంగా ఆకాశమూ నీళ్ళూ కలిసే గీత ఉంటుంది, దాన్నే సూడు."

"పడుకునేదానికి చోటిస్తారా?"

"ఇస్తారు. కింద మంచమే అడుగు. ఓడకు ముక్కు దగ్గరా తోక దగ్గరా వద్దు, ఆడ ఎగరేసి కొడతాది. నడుము దగ్గర అడుగు. పెద్ద పెట్టె కింద గోదాములో ఏస్తారు, మళ్ళీ నేల మీదికి దిగినాకనే కంటపడేది. కాబట్టి రెండు చీరలూ, మందులూ, నీళ్ళ చెంబూ చేతిసంచిలోనే పెట్టుకో. ఆ ఇనప మెట్లు దిగేటప్పుడు నిచ్చెన దిగినట్టు వెనక్కి తిరిగి దిగు. కొంగు గట్టిగా దోపుకో, గాలికి కంట్లో కొడతాది. స్నానానికి ఉప్పునీళ్ళే, సబ్బు నురగ రాదు."

"మడి ఎట్లా వసంతమ్మా?"

వసంతమ్మ ఆమెవంక జాలిగా చూసింది. "మడి ఒడ్డునే వదిలిపెట్టు అమ్మణ్ణీ. అరటిపండ్లూ అటుకులూ తిని గడుపు. దేవుడికి తెలీదా నీ కష్టం?"

రేణిగుంటలో మద్రాసు రైలెక్కించడానికి వచ్చిన దేవనాథన్ బండి కదిలేదాకా కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. "ఈడ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నిమ్మళంగా పోయిరా" అన్నాడు.

ఓడలో వసంతమ్మ చెప్పిన ప్రతి మాటా పనికొచ్చింది. పంతులు భార్య ఇదివరకు ఎన్నోసార్లు తిరిగిన మనిషే అయినా వాంతులతో లేవలేకపోయింది. కల్యాణవల్లి ఆమెకు కూడా దబ్బకాయ ముక్క పెట్టి, తల పట్టుకుని కూర్చుంది. మిగతా పొద్దంతా పైకి వెళ్ళి కమ్మీ పట్టుకుని ఆ గీతనే చూస్తూ స్వామిని వేడుకుంది. సముద్రం ఎట్లా ఉందని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోయేది. ఆమె కళ్ళకు కనిపించింది చెల్లెలి ముఖం ఒక్కటే.

ఆమె వెళ్ళేసరికి పద్మాక్షికి స్పృహ ఉంది. అక్కను గుర్తుపట్టింది. "నువ్వొస్తావని అనుకోలేదే, మీ ఇంట్లో పంపరనుకున్నా" అంది. అక్క చేత్తో చేసిన చారన్నం రెండు ముద్దలు తింది. ఆ వారం దాటకుండానే పోయింది.

నెల కూడా నిండని ఆ పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, కాశీ నుంచి అత్తగారు వచ్చేదాకా కల్యాణవల్లి అక్కడే ఉంది. పిల్లను తనతో తీసుకుపోతానని అడిగింది. మా వంశం పిల్ల మా దగ్గరే పెరుగుతుందని వాళ్ళు ఒప్పుకోలేదు. తిరుగు ప్రయాణంలో ఆమె పైకి పోలేదు. ఇనుప గోడవైపు తిరిగి పడుకుని మద్రాసు దాకా వచ్చింది.

ఇంటికి చేరిన మర్నాడు తెల్లవారకముందే తలస్నానం చేసి, మడికట్టుకుని, పొయ్యి అలికింది. దేవనాథన్ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఈపొద్దుకి వద్దులే" అన్నాడు.

"ఏం? మైల తీరిపోయింది కదా."

"పెదనాయన వాళ్ళింట్లో చేస్తా ఉన్నారు. నువ్వు పోయినప్పటి నుంచీ ఆడనే."

ఆ సాయంత్రం గుడి మండపంలో నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. కల్యాణవల్లిని స్తంభం పక్కన నిలబెట్టారు. సముద్రం దాటివచ్చిన చేతి వంట స్వామికి పనికిరాదని యతిరాజులు నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఇంట్లో మొగుడికి వండుకోవచ్చు, గుడికి రావచ్చు, అందరితోపాటు తీర్థం తీసుకోవచ్చు. తళిగ మాత్రం వండకూడదు.

"మామగారూ, మీరే కదా పోయిరమ్మనింది?" అంది కల్యాణవల్లి.

"పోయిరమ్మన్నాను తల్లీ. వచ్చి మళ్ళీ వండమన్నానా?"

"అండమాన్ మన దేశమే కదా. పరదేశం పోలేదు కదా నేను."

"నీళ్ళు నీళ్ళే" అన్నాడాయన.

ఆమె భర్తవంక చూసింది. అతను గుడి గంటవంక చూస్తూ నిలబడ్డాడు. పెద్దమనుషులు లేచి పై పంచెలు దులుపుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. స్వామి తళిగ యతిరాజులు భార్య చేతికి పోయింది. దాంతోపాటు గుడి నుంచి వచ్చే బియ్యమూ, ప్రసాదంలో పెద్ద భాగమూ ఆ ఇంటికే పోయాయి. కల్యాణవల్లి ఇద్దరికి వండే గుప్పెడు బియ్యానికి పెద్ద పొయ్యి ఎందుకని దాన్ని పగలగొట్టించి, మూలన చిన్న పొయ్యి వేసుకుంది. తెల్లవారుజామున మెలకువ మాత్రం తప్పేది కాదు. లేచి ఏం చేయాలో తోచక వాకిలి రెండుసార్లు ఊడ్చేది. ఏకాదశినాడు గుడిలో చక్కెరపొంగలి చేతిలో పెడితే, నాలుక మీద పెట్టుకోగానే బెల్లం పాకం ముదిరిందని తెలిసేది. చెప్పడానికి ఆమెకు అధికారం లేదు.

ఎనభైమూడులో, ఒక మధ్యాహ్నం, యతిరాజులు ఆమె ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. అన్నేళ్ళలో ఆయన ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. బాగా ముసలివాడైపోయాడు. మజ్జిగ ఇస్తే తాగాడు.

"మా శఠకోపన్ ఉండాడు కదమ్మా" అని మొదలుపెట్టాడు. శఠకోపన్ ఆయన ఒక్కగానొక్క కొడుకు. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగి. "వాళ్ళ బ్యాంకులో దేశం చూసొచ్చేదానికి ఖర్చులిస్తారంట. ఆండాళ్‌ను తీసుకొని ఓడలో అండమాన్ పోతా అంటున్నాడు. కోడలు పిల్ల కాణిపాకం బస్సులోనే కక్కుకుంటుంది. ఏం జాగర్తలు తీసుకోవాల్నో నీకైతే తెలుసని..."

కల్యాణవల్లి గుమ్మానికి చేరగిలబడింది.

"వేడుకకు పోతున్నారా?" అని అడిగింది.

"వేడుకని కాదు. ఉద్యోగంలో ఇచ్చే హక్కు. వదులుకుంటే పోతుంది."

"సముద్రం దాటొచ్చా మామగారూ?"

ఆయన చెంబు కింద పెట్టాడు. ఆమె ముఖంలోకి చూడలేదు. "అండమాన్ మన దేశమే కదమ్మా" అన్నాడు.

లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవాలనిపించింది ఆమెకు. కానీ ఆండాళ్ ఎదురుపడినప్పుడల్లా "అక్కా" అని నోరారా పిలిచే పిల్ల. ఇనుప మెట్ల మీద కొంగు కాలికి తట్టుకుని ఆ పిల్ల పడిపోవడం కళ్ళముందు కనిపించింది. కల్యాణవల్లి అన్నీ చెప్పింది. ఎక్కేముందు ఏం తినాలో, ఏ మంచం అడగాలో, మందులు ఎక్కడ పెట్టుకోవాలో, మెట్లు ఎట్లా దిగాలో చెప్పింది. ఒడ్డు చేరాక కూడా రెండు దినాలు నేల ఊగినట్టే ఉంటుందనీ, జబ్బేమోనని భయపడొద్దనీ చెప్పింది. జాడీలోంచి దబ్బకాయ ముక్కలు తీసి పొట్లం కట్టి ఇచ్చింది. ఆయన పొట్లాన్ని పంచె చెరుగులో దాచుకుని వెళ్ళాడు.

తిరిగొచ్చాక ఆండాళ్ గవ్వలు తీసుకుని పరుగున వచ్చింది. "అక్కా, మీరు చెప్పినట్టే చేసినాను, ఒక్కసారి కూడా కక్కుకోలేదు! ఎగిరే చేపలుంటాయి, చూసినారా మీరు? నీళ్ళలోంచి లేచి పిట్టల్లాగ ఎగరతాయి. రాత్రయితే ఓడ పక్కన నీళ్ళు మెరుస్తాయి కదక్కా, ఎంత బాగుంటుందో!"

"అవునా" అంది కల్యాణవల్లి. అదే సముద్రాన్ని ఆమె రెండుసార్లు దాటింది. అవేవీ ఆమె చూడలేదు.

ఆ శ్రావణంలో గుడి ఉత్సవం జరిగింది. ముందు వరసలో శఠకోపన్‌కు మొదటి తీర్థం ఇచ్చి, తలమీద స్వామి పాదాల గుర్తున్న శఠారి పెట్టారు. పెట్టినవాడు దేవనాథనే. ఆడవాళ్ళ వరసలో వెనక నిలబడి ఉన్న కల్యాణవల్లి అదీ చూసి ఊరుకునేదే. ఇంతలో మడిచీర కట్టుకుని, పులిహోర గంగాళం మోసే మనిషి వెనకాల ఆండాళ్ వచ్చింది. అత్తకు చేతకావడం లేదని ఆ పూట వంటంతా తానే చేశానని పక్కనామెకు సంతోషంగా చెప్పింది.

కల్యాణవల్లి ప్రసాదం తీసుకోకుండా యతిరాజులు ఎదుటికి వెళ్ళింది.

"మామగారూ, ఆండాళ్ చేతులు కూడా సముద్రం దాటినాయి."

యతిరాజులు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, విని, గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళు తిరుపతిలో ప్రాయశ్చిత్తం చేసుకున్నాకనే ఊళ్ళో అడుగుపెట్టినారమ్మా. పంచగవ్యం తీసుకొని, హోమం చేయించుకొని. ఒక్క పూట పని."

"నాకెవరూ చెప్పలేదే, అట్లాంటిది ఉండాదని?"

"నీ మొగుడికి చెప్పినాను" అన్నాడు ముసలాయన. అనేశాక, అనకుండా ఉండవలసిందని ఆయన ముఖంలో కనిపించింది.

ఇంటికి వచ్చాక ఆమె దీపం వెలిగించలేదు. దేవనాథన్ గుడి తాళం వేసి వచ్చి, చీకట్లో కూర్చున్న భార్యను చూసి వసారాలోనే ఆగిపోయాడు.

"మీకు తెలుసా?"

అతను తాళంచెవి గూట్లో పెట్టాడు. "తెలుసు. అర్చనలో శఠకోపన్‌కు కూడా సగం వంతు ఉండాదని అప్పుడు పెదనాయన తగువు తీసినాడు. వంట వాళ్ళింటికి వదిలేస్తే అర్చన జోలికి రానన్నాడు. రెండూ నిలబెట్టుకొనేది నాతో కాలేదు. నీకు ప్రాయశ్చిత్తం చేయిస్తే వంట నీకు తిరిగొస్తుంది, వాళ్ళు ఊరుకోరు. అందుకని..."

"నేను ఓడలో ఉన్నప్పుడేనా?"

అతను తల వంచుకున్నాడు.

"రైలు దగ్గర కిటికీ పట్టుకొని చెప్పినారే, ఈడ సంగతి నేను చూసుకుంటానని" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ళూ నేను చేసిన పాపమే అనుకున్నాను. చెల్లెల్ని చూడబోవడమే పాపమేమో, అందుకే అది బతకలేదేమోనని రాత్రిళ్ళు మీతో చెప్పుకొని ఏడ్చినాను. నా పక్కనే పడుకొని, అది వింటా కూడా, మీరు చెప్పలేదు."

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా అవసరమైన మాటలే మిగిలాయి. మరుసటేడు యతిరాజులు భార్య పడిపోయి మంచం పట్టింది. శఠకోపన్ బదిలీ అయి ఆండాళ్‌ను తీసుకుని నెల్లూరు పోయాడు. తళిగ వండేవాళ్ళు లేకపోయారు. యతిరాజులే కర్ర పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"ఒక్క పూట హోమం చేసుకో తల్లీ. ఖర్చు గుడిదే. రేపటి నుంచి నువ్వే వండు. నీ చేతివంట స్వామి తిని ఎన్నేళ్ళాయె."

కల్యాణవల్లి గుమ్మంలో నిలబడి విన్నది. మళ్ళీ స్వామి వంటకు పొయ్యి ముందు కూర్చోవాలని ఆమెకు లేకపోలేదు. ఏళ్ళ తరబడి ఆమె కోరుకున్నది అదొక్కటే.

"ప్రాయశ్చిత్తం తప్పు చేసినవాళ్ళు చేసుకోవాల. నేను చెయ్యలేదు మామగారూ" అంది. "ఈ ఇంట్లో చేసుకోవలసినవాళ్ళు వేరే ఉండారు. చేయించుకొంటారేమో అడగండి."

దేవనాథన్ లోపల గది నుంచి అంతా విన్నాడు. బయటికి రాలేదు.

మర్నాటి నుంచి అతనే తెల్లవారుజామున లేచి మడికట్టుకుని స్వామి తళిగకు పొయ్యి ముట్టించాడు. వయసు మీదపడ్డ మనిషి, ఏనాడూ గరిటె పట్టి ఎరగడు. మొదటి రోజు అన్నం ముద్దయింది. రెండో రోజు అడుగంటింది. చింతపండు పులుసు ఎంత ఉడకాలో, పోపు ఎప్పుడు వేయాలో తెలియక గడపవైపు తిరిగి తిరిగి చూశాడు. కల్యాణవల్లి వసారాలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మాడు వాసన ఇల్లంతా కమ్ముకుని వాకిట్లోకి వచ్చింది. ఆమె కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. లేచి మాత్రం పోలేదు.