సృజన కుడి చెవి

సీతాఫల్‌మండిలో పురుషోత్తం పైల్వాన్ కుస్తీ నేర్పే తాలీంకు ఎవరొచ్చినా, టీ తాగేలోపు ఆయన కూతురి చెవి చూడాల్సిందే. సృజన జుట్టు పక్కకు లాగి, కుడి చెవిని రెండు వేళ్లతో పట్టుకుని, "చూసిండ్రా, కుస్తీల నా బిడ్డ సంపాయించిన మెడల్" అని మురిసిపోయేవాడు. మెడల్ అట, మెడల్! నలిగి, ముడుచుకుపోయి, గట్టిపడిన మాంసం ముద్ద అది. పదహారేళ్లప్పుడు చెవిలో రక్తం గూడుకడితే, సూదితో తీసేస్తానన్నాడు డాక్టర్. ఈయన తియ్యనిస్తేగా! పైల్వాన్ అన్నాక చెవి విరగాలట, విరిగింది అలాగే గట్టిపడాలట. పిల్ల నొప్పితో గుక్కపట్టి ఏడుస్తుంటే ఈ మహానుభావుడు వాడంతా మిఠాయి పంచాడు.

ఏళ్ల తరబడి జుట్టు కింద దాచుకుని, విసిగిపోయి, చివరికి ఆపరేషన్ చేయించుకుంది సృజన. అద్దంలో తన చెవి తనకు కనబడగానే ఏడ్చేసింది. "కుట్లు ఆరేదాకా దెబ్బ తగలనివ్వకమ్మా, మళ్లీ మొదటికొస్తుంది" అని డాక్టర్ మరీ మరీ చెప్పాడు.

దాచుకోవడం ఇక చాలనుకుంది. తలకు కట్టుతోనే తాలీంలోకి నడిచింది.

"ఏందీ గిది?" అన్నాడు పురుషోత్తం.

"చెవి మంచిగ చేయించుకున్న నాయినా."

ఒక్క గుంజుతో కట్టు ఊడబెరికాడు. చెవి చూశాడు. ముఖం నల్లబడింది.

"నా ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"నా చెవి నాయినా, నా ఇష్టం."

"నీదెట్లయితదే? నేను తయారుచేసిన పైల్వాన్‌వి నువ్వు! మళ్ల ఇరగ్గొడ్త, చూడు!"

మెడ పట్టి మట్టిలోకి ఈడ్చుకెళ్లాడు. తలను చంకలో బిగించి, ముంజేతితో ఆ చెవినే రుద్దాడు. కుట్లు పటపటా తెగాయి. వెచ్చటి రక్తం మెడ మీదికి కారింది. చుట్టూ శిష్యులు గుడ్లప్పగించి నిలబడ్డారు. ఉస్తాద్ మీద చెయ్యి వేసే మగాడు ఒక్కడూ లేడు, ఛీ!

నొప్పి కంటే ముందు కోపం వచ్చింది సృజనకు. నడుము దించి, ఆయన్ని వీపుకెత్తుకుని భుజం మీదుగా విసిరికొట్టింది. పడ్డవాడి చెయ్యి వెనక్కి మెలిపెట్టి మోకాలు ఆనించింది.

"చెవి ఎవరిదో చెప్పు!"

పురుషోత్తం రెండో చేత్తో నేలను చరిచాడు. నేల చరిస్తే ఓడినట్టు, వెంటనే వదిలెయ్యాలి. తాలీం నియమం అది, ఆయన నేర్పిందే.

"నేల కొట్టుడు కాదు, నోటితోని చెప్పు!"

ఆయన పళ్లు బిగించాడు. సృజన ఇంకా నొక్కింది. ఎముక ఫట్‌మంది.

తాలీం దద్దరిల్లేలా అరిచాడు. తరువాత, చెమటలు కారుతూ, నవ్వాడు!

"చూసిండ్రా, ఏం పట్టు పట్టింది! నా బిడ్డ!"

ఆ వెధవలు చప్పట్లు కొట్టారు. సృజనకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి విరిచినా అదీ తన గొప్పే అనుకుంటున్నాడు ఈ మనిషి!

చెవిని అరచేత్తో అదిమిపట్టుకుని లేచింది.

"ఇప్పుడే పోయి మళ్ల కుట్టించుకుంట నాయినా. మళ్ల ముట్టుకున్నవనుకో, రెండో చెయ్యి సుత ఇరుస్త."

పురుషోత్తం నవ్వు ఆగిపోయింది. బాగున్న చేతిని మెల్లగా ఒళ్లోకి లాక్కున్నాడు.