ఎవరూ అరవని ఇంటిపేరు

మ్యాచ్ ఉన్న ఆదివారం నీవెస్ మధ్యాహ్నం ఎక్కువ తినదు. కోడి చారులో గుప్పెడు తొర్తెల్లీని, అంటే మాంసం కూరిన పిండి చుట్టలు, వేసుకుంటుంది, తర్వాత గోరువెచ్చని పాలలో చెంచాడు తేనె కలుపుకొని తాగుతుంది. అది గొంతు కోసం. తర్వాత మెడకి ఉన్ని మఫ్లర్ చుట్టుకొని, సైకిలెక్కి, ఏటిగట్టు మీదుగా స్టేడియంకి వెళుతుంది. ఆమెకి అరవై ఆరేళ్ళు. మామూలు రోజుల్లో పెద్దవీధిలో గుండీలు, దారాలు, లేసులు అమ్మే కొట్టు నడుపుతుంది. ఇరవై ఏడేళ్ళుగా తమ ఊరు కాస్తెల్‌రివా ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్ళ పేర్లు మైకులో చదివేది ఆమే.

పద్నాలుగు ఇనప మెట్లెక్కితే చిన్న గది. కోచ్ లోరిస్ పేర్ల కాగితం అక్కడికి పంపిస్తాడు. నీవెస్ కళ్ళద్దాలు పెట్టుకొని ఒక్కో పేరూ తనలో తను చదువుకుంటుంది. రెండుసార్లు మైకులో ఊదుతుంది. రెండున్నరకి ఆట మొదలవుతుందనగా ఆటగాడి పేరు ఆమె పలుకుతుంది, ఇంటిపేరు జనం అరుస్తారు. ఆ దేశంలో ఏ స్టేడియంలోనైనా ఇదే పద్ధతి. కాస్తెల్‌రివాలో మాత్రం ఆ అరుపు తూర్పు గ్యాలరీ నుంచి వస్తుంది.

తూర్పు గ్యాలరీ మూతపడి ముప్పై ఏళ్ళు దాటింది. వరదకి సిమెంటు మెట్లు బీటలువారితే అధికారులు వచ్చి గేటుకి తాళం వేసి వెళ్ళారు. ఇప్పుడక్కడ మోకాలెత్తు గడ్డి. మనుషులెవరూ ఉండరు, అంటే బతికున్నవాళ్ళు. పోయినవాళ్ళు ఉంటారు. జనపనార మిల్లు పనివాళ్ళు, వాళ్ళ కొడుకులు, ఐస్‌క్రీం బండి అతను, ఇద్దరు ఫాదర్లు, ఇంకా బోలెడుమంది. కనపడరు, అరుస్తారు అంతే. ఇవతల గ్యాలరీలో అరవైమంది టికెట్టు కొనుక్కొని కూర్చుంటే, రెఫరీ తన రిపోర్టులో "స్థానిక ప్రేక్షకులు సుమారు మూడువేలు" అని రాసి సంతకం పెడతాడు. సమాఖ్య ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ ఇదేమిటని అడగలేదు.

ముసలి ఆర్జియా ఆటకి వీపు పెట్టి, మడతకుర్చీ తూర్పుకి తిప్పుకొని కూర్చుంటుంది. మొగుడి గొంతు వినడానికే వస్తుంది మరి.

"ఇంకా బొంగురుగొంతే. అక్కడికి పోయాక కూడా చుట్ట మానలేదు దరిద్రుడు," అని ప్రతిసారీ తిడుతుంది.

పందొమ్మిది వందల ఇరవై ఒకటిలో మిల్లు పనివాళ్ళు పెట్టుకున్న జట్టు ఇది. ఇన్నేళ్ళలో రెండుసార్లు మూతపడింది, మూడుసార్లు పేరు మారింది. అధ్యక్షులెందరు మారారో లెక్కలేదు. వరదమట్టి పేరుకొని మైదానమే మూరెడు ఎత్తు పెరిగింది. మారనిది ఎర్ర తోటకూర రంగు జెర్సీ ఒక్కటే, అదీ ఉతుకులకి వెలిసిపోయింది. మరి ఇది ఆ పాత జట్టేనని ఎలా అంటారు అని బయటివాడెవడైనా అడిగితే ఊరివాళ్ళు వాదన పెట్టుకోరు, తూర్పు వైపు చెయ్యి చూపిస్తారు. ఎవరు మనవాడో చెప్పేది అక్కడున్న పోయినవాళ్ళే. సెనెగల్ నుంచి ఎంబాకే అనే కుర్రాడు వచ్చినప్పుడు మొదటి ఆదివారం వాళ్ళకి నోరు తిరగలేదు. రెండో ఆటకి ఒక్క అక్షరం తప్పు పోకుండా అరిచారు. మధ్యలో సాధన చేసుకున్నట్టున్నారు.

ఆ మూడువేల గొంతుల్లో ఒకటి ఎప్పుడూ కనురెప్పపాటు ముందుంటుంది. అది పాత కెప్టెన్ అల్చీదే తల్యావీనిది. స్టేడియంకి ఆయన పేరే పెట్టారు. నీవెస్ ఆయన కూతురు. ఆయన పోయిన మరుసటి ఏడే ఆమె ఈ మైకు పట్టుకుంది. ఊరిమీద ప్రేమ అనుకున్నారు అందరూ. నిజానికి ఆ గొంతు కోసం. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి, కొట్టు మూసి ఇంటికెళితే గోడలే దిక్కు. రెండువారాలకోసారి తండ్రి తన మాటకి బదులు పలుకుతాడు. ఆ బలంతో మిగతా రోజులు గడిచిపోయేవి.

ఆమె మైకు పట్టిన ఇరవై ఏడో ఏడు శరత్కాలంలో గోల్‌కీపర్ మణికట్టు విరిగింది. లోరిస్ ఎక్కడెక్కడో వెతికి ఒక కుర్రాణ్ణి తెచ్చాడు. పేరు ఎనేయా బొన్ఫాతి. ఆ ఇంటిపేరు వినగానే బార్‌లో పేకాడుతున్నవాళ్ళు ముక్కలు కింద పెట్టేశారు.

సంగతి ఇది. యాభై ఏడులో వరదల మూలంగా ఆఖరి మ్యాచ్ నవంబరుకి వాయిదా పడింది. ఎదుటివాళ్ళు పక్కూరు పియేవెలుంగా. గోల్ పడకుండా కాచుకుంటే చాలు, కాస్తెల్‌రివా పై డివిజన్‌కి వెళుతుంది. ఎవడి బూట్లు వాడికి కనపడనంత మంచు. ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా ఒక ఎత్తు బంతి వచ్చింది. గోల్‌కీపర్ గ్వెర్రీనో బొన్ఫాతి చేతులు దించుకొని నిలబడ్డాడు. బంతి ఆయన పక్కనుంచే వలలోకి పోయింది.

"'నాది' అని కెప్టెన్ అరిచాడు. ఆయన తీసుకుంటాడని వదిలాను," అన్నాడు గ్వెర్రీనో.

"నేను నోరే తెరవలేదు," అన్నాడు కెప్టెన్ అల్చీదే.

ఊరు కెప్టెన్‌ని నమ్మింది. ఆ శీతాకాలమే జనపనార మిల్లు మూతపడింది. మిల్లు పోయిన బాధ కూడా గ్వెర్రీనో నెత్తినే వేశారు. గోల్ అమ్ముకున్నాడని ఊరంతా కోడై కూసింది. ఆయన వంతెన పక్కన సైకిళ్ళు బాగుచేసుకుంటూ బతికాడు, అలాగే పోయాడు. పోయాక కూడా తూర్పు గ్యాలరీలో ఆయన గొంతు ఎవరికీ వినపడలేదు. కొడుకు తూరిన్ వెళ్ళిపోయాడు. ఎనేయా ఆ కొడుకు కొడుకు.

నీవెస్ మూడు ఆటల్లో "ఒకటో నంబర్, ఎనేయా" అని పలికింది. మూడుసార్లూ తూర్పు నుంచి చడీ చప్పుడూ లేదు. బతికున్నవాళ్ళూ నోరు మెదపలేదు. పగతో కాదు, పెద్దవాళ్ళు పిలవకుండా తాము పిలిచే అలవాటు ఆ ఊళ్ళో లేదు. కుర్రాడు గోల్ ముందు ఒంటరిగా నిలబడి చేతి తొడుగులు బిగించుకున్నాడు.

"ఈసారీ ఇంతే అయితే పంపించెయ్యమన్నారు కమిటీవాళ్ళు," అన్నాడు లోరిస్ నీవెస్‌తో. "వాడు బాగానే పడుతున్నాడమ్మా బంతుల్ని. కానీ ఊరు పిలవనివాణ్ణి ఊరి గోల్లో ఎన్నాళ్ళు నిలబెట్టను?"

గురువారం ఎనేయా కొట్టుకి వచ్చాడు. తొడుగు కుట్టు ఊడిందట, నల్లదారం కావాలన్నాడు. ఇలా ఇవ్వు అని నీవెస్ తనే కుట్టడం మొదలుపెట్టింది.

"నీవెస్ గారూ, నా పేరు కాస్త గట్టిగా చదవకూడదా?"

"అందరివీ ఒకలాగే చదువుతాను బాబూ."

"తెలుసులెండి. ఏదో ఆశ." వాడు గుండీల డబ్బాలకేసి చూస్తూ నిలబడ్డాడు. "సోమవారం నుంచి తూరిన్‌లో గోడౌన్ పనికి రమ్మన్నారు. ఆదివారం కూడా పిలవకపోతే అక్కడికే. ఇక రాను."

"ఇంత చిన్న జట్టులో ఆడకపోతే ఏం పోయింది నీకు?"

"ఆటకోసం వచ్చాననుకున్నారా?" అన్నాడు ఎనేయా. "తాత చివరిదాకా ఒకటే మాట. 'నాది' అని నా చెవులారా విన్నాను, ఆ గొంతు నాకు తెలుసు అని. నాన్న నమ్మలేదు. ముసలాయన చాదస్తం అనేవాడు. నేను పదేళ్ళవాణ్ణి, నేనూ నవ్వాను. తాత చూశాడు నేను నవ్వడం." వాడు ఒక గుండీ తీసి మళ్ళీ డబ్బాలో వేశాడు. "మా ఇంటిపేరు ఒక్కసారి అరిస్తే చాలండీ."

నీవెస్ దారం కొరికి తొడుగు చేతికిచ్చింది. డబ్బులొద్దంది. వాళ్ళ తాత చెప్పింది నిజమని ఆమెకి తెలుసు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆసుపత్రిలో తండ్రి ఆమె చెయ్యి పట్టుకొని చెప్పాడు. "'నాది' అన్నది నేనే నీవెస్. అరిచి పక్కకి తప్పుకున్నాను." మిల్లు మూసేస్తారని ఆయనకి ముందే తెలిసింది. పియేవెలుంగా పంచదార ఫ్యాక్టరీలో ఆ గోల్‌కి బదులుగా మేస్త్రీ పని ఇస్తామన్నారు ఆ ఊరివాళ్ళు. ఆ పనితోనే నీవెస్ పెరిగింది, ఈ కొట్టు వచ్చింది. ఇది చెప్పి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ మాట్లాడలేదు.

పోయినవాళ్ళకి అన్నీ తెలిసిపోతాయని అనుకుంటాం. అదేం లేదు. బతికుండగా ఎంత తెలుసో పోయాకా అంతే తెలుసు వాళ్ళకి. తూర్పు గ్యాలరీలో అల్చీదే ఇంకా కెప్టెనే. ఈ మాట బయటపడితే ఆయన్ని అక్కడ ఒక్క క్షణం ఉండనివ్వరు. తండ్రిని రెండోసారి చంపుకున్నట్టవుతుందని నీవెస్ ఇన్నేళ్ళూ నోరు కట్టేసుకుంది. తన స్వార్థం తనకి తెలియక కాదు. ఎవరికీ కొత్తగా నష్టం లేదు కదా అని సర్దిచెప్పుకుంది. ఇప్పుడు ఆ నష్టం కొట్టులో నిలబడి తొడుగు కుట్టించుకొని వెళ్ళింది.

ఆదివారం మంచు దిగింది. పై గదిలోంచి చూస్తే మైదానం మధ్యగీత దాకా కూడా చూపు ఆనడంలేదు. నీవెస్ కాగితం ముందు పెట్టుకుంది. మైకులో ఊదింది. పేర్లు మొదలుపెట్టలేదు.

"నేను నీవెస్ తల్యావీనిని," అంది. తన గొంతు మంచులోకి వెళ్ళి తిరిగి తనకే వినిపించింది. "యాభై ఏడులో పియేవెలుంగా మ్యాచ్‌లో 'నాది' అని అరిచింది మా నాన్న. ఆయనే నాతో చెప్పారు. గ్వెర్రీనో నిజమే చెప్పాడు. నేను ఇరవై ఎనిమిదేళ్ళు దాచాను. నన్నేమన్నా అనండి."

కింద లోరిస్ నోరు తెరుచుకొని పైకి చూస్తున్నాడు. ఆర్జియా కుర్చీలోంచి లేచి నిలబడింది. తూర్పు వైపు మాత్రం ఎన్నడూ లేనంత నిశ్శబ్దం. మూడువేలమంది ఊపిరి బిగబట్టి ఒక్కడికేసి తిరిగి చూస్తున్నట్టు ఆమెకి అనిపించింది. అయినా కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఒకటో నంబర్, ఎనేయా..."

ఎవరూ పలకలేదు. దగ్గరి గోల్ ముందు ఎనేయా తలెత్తలేదు. నీవెస్ లోపల అంకెలు లెక్కపెట్టుకుంది. తొమ్మిది దాకా వచ్చాక తూర్పు నుంచి ఒక్క గొంతు లేచింది. ఏడుపు కలిసిన గొంతు, ముసలిగొంతు. అయినా మైదానమంతా వినిపించేంత గట్టిది.

"బొన్ఫాతీ!"

అల్చీదే గొంతు అది. ఆ వెంటనే మూడువేల గొంతులూ ఒక్కసారిగా అదే పేరు అరిచాయి. ఇనప మెట్లు అదిరాయి. ఇవతల అరవైమందీ లేచి అందుకున్నారు. ఎనేయా మోకాళ్ళమీద కూలబడి తొడుగుల్లో మొహం దాచుకున్నాడు. పేరు ఆగలేదు. అరవై ఏళ్ళకి పైగా బాకీ పడ్డ అరుపులన్నీ ఆ రోజే తీర్చుకుంటున్నట్టు అరిచారు.

సద్దుమణిగాక నీవెస్ రెండో నంబర్ చదివింది. తూర్పు గ్యాలరీ బదులిచ్చింది, అందరూ ఒకేసారి. కనురెప్పపాటు ముందు రావలసిన గొంతు రాలేదు. మూడో నంబర్ చదివింది. నాలుగు చదివింది. ఎంబాకే పేరు దగ్గర కాగితం కనపడలేదు, కళ్ళద్దాలు తుడుచుకొని చదివింది. పదకొండు దాకా ఎక్కడా ఆ గొంతు లేదు. ఎవరు గెంటేశారో, ఆయనే గేటు తీసుకొని వెళ్ళిపోయాడో ఆమెకి తెలియదు.

ఆట ఒకటీ ఒకటీ సమానమైంది. ఎనేయా ఒక తేలిక గోల్ వదిలేశాడు, దానికి లోరిస్ పద్ధతిగానే తిట్టాడు. గోడౌన్‌వాళ్ళకి రానని ఫోన్ చేశాక, మట్టి తొడుగులతోనే ఆ కుర్రాడు ఇనప మెట్లెక్కి వచ్చాడు. నీవెస్ చీకటి పడుతున్న గదిలో మఫ్లర్ చేత్తో పట్టుకొని కూర్చుంది. ఆమెకి ఏడుపు ఆగడంలేదు, దాచుకోనూ లేదు.

వాడు గుమ్మంలో కాసేపు తటపటాయించాడు.

"మొదట ఒక్కరే పిలిచారు చూశారూ, ఎవరండీ ఆయన?"

"మా నాన్న."

ఎనేయా తొడుగులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"గట్టి గొంతండీ ఆయనది."

"ఉండేది," అంది నీవెస్.